మేత ముట్టిన మనిషి

డాక్టరు చెప్పిన మాటల్లో రెండింటిని మాత్రం రాములమ్మ కొంగున ముడేసుకుంది. మొదటిది, బిళ్ళలు ఆర్నెల్లపాటు ఒక్క రోజు కూడా తప్పకూడదు. రెండోది, సీసా మొగుడు అంకయ్య చేతికి చిక్కకూడదు. ఎందుకయ్యా అని అడిగితే ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "చెప్పినట్టు మింగితే మందమ్మా. అన్నీ ఒక్కసారి మింగితే ప్రాణానికే మోసం" అన్నాడు. కర్నూల్లో రైలెక్కింది మొదలు మార్కాపురంలో దిగేదాకా ఆమె ఆ సీసాను రొండిన దోపుకుని, దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. పక్కన కూచున్న అంకయ్య కిటికీలోంచి ఎటో చూస్తున్నాడు.

అంకయ్యంటే ఆ ఊళ్ళో ఎనిమిది ఇళ్ళ జీవాలకు పెద్ద. దోర్నాలకు ఇవతల, మెట్ట చేల మధ్య ఉంటుంది ఆ ఊరు. ఎండలు ముదిరి కుంటలు ఎండిపోతే ఎనిమిది ఇళ్ళ గొర్రెలూ మేకలూ ఒకే మందై నల్లమలలోకి పోతాయి, తొలకరికి తిరిగొస్తాయి. ఆ మందకు ముందు నడిచేవాడు అంకయ్య. నాలుక మడిచి అతను ఈల వేస్తే వాగు అవతల మేస్తున్న పొట్టేలు కూడా తలెత్తి ఇటు తిరిగేది. అట్లాంటి మనిషి ఆ ఏడు దసరా దాటినప్పటి నుంచీ మంచం దిగలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు, ఎవరితోనూ మాటపట్టింపు లేదు. సంకటి ముద్ద ముందు పెడితే అది చల్లారేదాకా దాన్నే చూస్తూ కూచునేవాడు.

ఊరన్నాక వైద్యానికి కొదవా? తాయెత్తు కట్టారు, దిష్టి తీశారు, శ్రీశైలం మల్లయ్యకు మొక్కుకోమన్నారు. జీవాల రోగాలకు మందులిచ్చే చెన్నయ్య మూడు దినాలు ఏదో పసరు పోశాడు. తిండి లేని కడుపులో అది నిలవక బయటికొచ్చింది. ఇదంతా అయ్యాక ఒక తెల్లవారుజామున రాములమ్మ మోటబావి గట్టు మీద మొగుణ్ణి పంచె పట్టుకుని వెనక్కి లాగింది. ఇద్దరూ బురదలో పడ్డారు. బురద చూసి అడిగినవాళ్ళకు, "కాలు జారినాడు" అని చెప్పింది. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండాలనుకుంది. ఆ నిజం ఆమె నోరు దాటింది ఒక్క కర్నూలు డాక్టరు ముందరే.

ఆ బిళ్ళలు అప్పటికి దేశానికే కొత్త. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో కూడా వాటి పేరు ఎవరూ వినలేదట. ఎర్రమన్ను రంగులో, పైన చక్కెర పూతతో చూడ ముచ్చటగా ఉండేవి. చూపుకేం, చేతలకొచ్చేసరికి మేలు కంటే ముందు కీడే కనబడింది. అంకయ్యకు నోరెండిపోయింది. లేచి నిలబడితే కళ్ళు తిరిగి గుంజను పట్టుకునేవాడు. పొద్దున చెంబు పట్టుకుని పోయిన పని సాయంత్రానికీ అయ్యేది కాదు. పదిహేను దినాలు గడిచినా ముఖంలో మార్పు లేదు. రాములమ్మకు కంటి మీద కునుకు లేదు. ఇస్తున్నది మందో విషమో తేలక, మానిస్తే ఏమవుతుందో తెలియక, ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగి తిరిగి కాళ్ళు లాగేవి.

ఇరవయ్యో నాడో ఇరవై ఒకటో నాడో, సంకటి ముద్ద ముందు కూచున్న అంకయ్య తలెత్తి, "ఎర్రగడ్డ లేదా?" అని అడిగాడు.

రాములమ్మ లోపలికి పోయి ఉల్లిపాయ కోస్తూ ఏడ్చింది. అడిగితే చెప్పుకోవడానికి ఎర్రగడ్డ చేతిలోనే ఉంది.

ఆ నెలలోనే అతను ముద్దకు ముద్ద తిన్నాడు, దొడ్డి దాకా నడిచాడు, గొర్రెపిల్లల చెవులు పట్టి చూశాడు. ఊరంతా సంతోషించింది. ఊరు సంతోషిస్తే ఊరుకుంటుందా, వెంటనే తగువు పెట్టుకుంది. శివరాత్రికి శ్రీశైలం పోయిన జనం తిరిగొచ్చి దోర్నాల దారి ఖాళీ అయ్యాక, మందను అడవికి తోలే ముందు ఎనిమిది ఇళ్ళవాళ్ళూ గొర్రెల దొడ్డి దగ్గర కూచున్నారు. పోయే దినం మాట్లాడుకోవడానికి చేరిన మనుషులు కాస్తా అంకయ్య బిళ్ళల మీదికి దిగారు. అంకయ్య ఒక మూల గొంగడి మీద కూచున్నాడు. అతను అక్కడ లేనట్టే మాట్లాడుకున్నారందరూ.

మొదలుపెట్టింది చెన్నయ్య. "ముప్పై ఏండ్ల నుంచి జీవాలకు మందు పోస్తాండా. నాకు తెలిసింది ఒకటే మాట. మేత ముట్టినాక మందు ముట్టగూడదు. రోగం పోయినాక లోపలికి పోయిన మందు ఊరికే ఉండదు, ఒంటినే తింటాది. అంకయ్య మేత ముట్టినాడా లేదా?"

"ముట్టినాడు" అన్నారు నలుగురు.

"మరింకేంది?"

ఆ మాటకు తలూపని గొర్రెలవాడు లేడు. తాతల నాటి నుంచీ వాళ్ళు మందలను కాపాడుకున్నది ఆ సూత్రంతోనే. తలూపింది రాములమ్మ కూడా, అలవాటు కొద్దీ. ఊపాక గానీ తెలివిరాలేదు.

"అట్ల తేల్చేస్తే ఎట్ల చెన్నయ్యా?" అన్నాడు బడి పంతులు కరుణాకరం. బస్సులో ఒక దినం ఆలస్యంగా వచ్చే పేపరు ఊరికంతా చదివి చెప్పేది ఆయనే. "పేపర్లో రాసినారు. తెల్లదొరల సీమదేశాల్లో డాక్టర్లే రెండు పక్షాలైనారంట. ఈ బిళ్ళలతో మంచం దిగినోళ్ళు వేలల్లో ఉండారని ఒక పక్షం. ఏండ్ల తరబడి మింగితే ఏమైతాదో తేలలేదు, దిగులుకు బిళ్ళేంది అని ఇంకో పక్షం."

"మీరు ఏ పక్షం అయివారూ?" అన్నాడు చెన్నయ్య.

కరుణాకరం కండువా సర్దుకున్నాడు. "నేను రెండూ చదివినా" అన్నాడు. చదువుకున్నవాడితో వచ్చే చిక్కే అది.

"దిగులు ఎవురికి లేదు?" అంది గడ్డివామి దగ్గర నిలబడ్డ నరసమ్మ. "నా మొగుడు పోయి ఏడేండ్లాయె. నాకెవురిచ్చినారు బిళ్ళ?" అందరూ నవ్వారు. నరసమ్మ మాత్రం నవ్వలేదు.

రాములమ్మకు ఒళ్ళు మండింది. "బిళ్ళ వేసినాకనే గదా తిన్నాడు మామా! అంతకుముందు మీరంతా ఇచ్చినయ్యి తిని లేచినాడా?"

"నా పసరు లోపల ఉండి నిదానంగా పని చేసిందేమో, నీకేం తెలుసు?" అన్నాడు చెన్నయ్య, ఏమాత్రం తగ్గకుండా.

అప్పుడు అంకయ్య తమ్ముడు యల్లయ్య లేచాడు. అన్నంటే ప్రాణమిచ్చే మనిషి. "ఇదంతా ఎందుకు? అన్న ఈల వేస్తే అన్న బాగున్నట్టు. ఒక్కసారి వెయ్యన్నా."

అంకయ్య నిలబడ్డాడు. నాలుక మడిచాడు. గాలి వచ్చింది గానీ ఈల రాలేదు. పెదాలు తడుపుకుందామంటే నాలుకకే తడి లేదు. మళ్ళీ ప్రయత్నించాడు. దొడ్డిలో పొట్టేలు కూడా తలెత్తలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంకయ్య కూచుని గొంగడి అంచు సవరించుకున్నాడు. "నోట్లో తడి లేదు" అన్నాడు. అంత పంచాయితీలో అతనన్న మాట అదొక్కటే.

"చూసినారా?" అన్నాడు చెన్నయ్య. "మంచం దింపి ఈల పెరుక్కున్నాది. గొర్రెలోడికి ఈల పోతే ఇంకేం మిగుల్తాది?"

ఆ మాట అబద్ధం కాదు, అదే రాములమ్మ బాధ. మోటబావి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే నోళ్ళన్నీ మూతబడేవి. కానీ మూలన తలొంచుకుని కూచున్న మొగుణ్ణి చూసింది. ఇప్పటికే నవ్విన జనం, ఆ సంగతి కూడా తెలిస్తే జన్మంతా వేలెత్తి చూపుతారనిపించింది. మింగలేక కక్కలేక కూచుంది.

చివరికి తేలిందేమంటే, ఈల ఉన్నా లేకపోయినా మంద అంకయ్య వెనకే నడుస్తుంది గాబట్టి అతను పోవాలి. పని చేసుకుంటే మంచిదని డాక్టరు కూడా అన్నాడు. "అయితే నేనూ పోతా" అంది రాములమ్మ. ఒక్కసారిగా అందరూ వద్దన్నారు. వాళ్ళ మందకు గంగమ్మ కట్టు ఒకటుంది. మంద అడవిలో ఉన్నన్నాళ్ళూ ఆడమనిషి దాని దగ్గరికి పోకూడదు. పోతే జీవాలకు చేటని నమ్మకం. ఎనిమిది ఇళ్ళ బతుకు ఆ జీవాల మీదే ఉన్నప్పుడు కాదని తెగించేదెవరు?

బయలుదేరే నాడు ఆమె సీసాను యల్లయ్య చేతిలో పెట్టింది. "పొద్దునొకటి, మాపునొకటి. నువ్వే ఇయ్యాల. సీసా అన్న కంటికి కనపడనీయొద్దు."

"ఏంది వొదినా, అన్న పసిబిడ్డా, చక్కెర పూత నాకడానికి?"

"చెప్పినట్టు చెయ్యి నాయనా."

ఎందుకో చెప్పాలనే అనుకుంది. తమ్ముడే గదా, చెప్పినా తప్పులేదు. కానీ మంద కదిలింది, దుమ్ము లేచింది, మాట గొంతులోనే ఉండిపోయింది. "మంద మీద ఒట్టు వొదినా, అన్నను కంటికి రెప్పలాగ చూసుకుంటా" అని యల్లయ్య కర్ర ఊపుతూ పోయాడు. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూచున్నాక ఆమెకు తట్టింది. అన్నను చూసుకుంటానని ఒట్టేశాడు గానీ, బిళ్ళ ఇస్తానని వెయ్యలేదు.

ఇక అక్కడి నుంచి ఆమె కాలుగాలిన పిల్లి అయింది. దంచబోతే రోకలి చేతిలోనే ఉండిపోయేది. నీళ్ళకని పోయి కుండ నింపకుండా తిరిగొచ్చేది. రెండుసార్లు దోర్నాల దాకా పోయి, అడవిలోంచి వెదుళ్ళు తెచ్చే లారీలవాళ్ళను ఆపి అడిగింది. అడవి మొదట్లో గేటు వేసిన నాకా దగ్గర కాపలావాడు విసుక్కున్నాడు. "గొర్రెలోళ్ళు మేతకు పుల్లరి కట్టి లోపలికి పోయినారు. ఆడ తిన్నారా పండుకున్నారా నాకెట్ల తెలుస్తాదమ్మా?" ఊళ్ళో ఆడవాళ్ళు, మొగుడు అడివికి పోతే ఇంత విరహమా అని ఆటపట్టించారు. ఆమె కూడా నవ్వేది. ఏమనుకుంటే అనుకోనీ, నిజం కంటే ఆ ఎగతాళే నయమనుకుంది.

ఉగాది పోయిన పదిహేను దినాలకు చెన్నయ్య అడవి నుంచి వచ్చాడు. మందలో రెండు మేకలకు కాళ్ళు వాస్తే మందు వెయ్యడానికి పోయి నాలుగు దినాలుండి వచ్చాడు. కాళ్ళు కడుక్కోకుండానే రాములమ్మ వాకిట్లోకి వచ్చి గట్టిగా చెప్పాడు, పక్కిళ్ళకు కూడా వినపడేట్టు.

"రాములూ, నీకు మంచి మాట తెచ్చినా. నీ మొగుడు ఈల వేస్తాండాడు! నేను చెవులారా విన్నా. ఆ కొస నుంచి ఈ కొసకు జీవాలన్నీ తిరుక్కున్నాయి."

పక్కింట్లోంచి నరసమ్మ వచ్చింది, ఇంకో ఇద్దరు వచ్చారు. ఎవరో బెల్లం ముక్క తెమ్మన్నారు. రాములమ్మ మాత్రం గుంజను పట్టుకుని నిలబడింది.

"ఎన్నాళ్ళైంది మామా ఈల వచ్చి?"

"నెల అయింటాదంట."

"నెల నుంచి బిళ్ళ వెయ్యలేదన్నమాట."

"మేత ముట్టినాక ఎందుకు? పోయేటప్పుడే యల్లయ్యతో చెప్పినా. అడివిలో అడుగు పెట్టిన వారానికే ఆపినాడంట. నోట్లో తడి ఊరింది, ఈల వచ్చింది. నేను చెప్పలా?"

"మామా, మాయాయన ఆ పొద్దు బావి కాడ కాలు జారలేదు."

చెన్నయ్యకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అరుగు మీద కూలబడ్డాడు.

"ఆ బిళ్ళలకు మనిషి తినడం ఒకటే గుర్తు కాదు" అంది రాములమ్మ. "ఆర్నెల్లు వెయ్యాలన్నాడు డాక్టరు. ముందే ఆపితే మళ్ళీ ఆ రోగమే తిరుక్కుంటాదన్నాడు. నువ్వు వచ్చేటప్పుడు ఎట్లుండాడు? నిజం చెప్పు."

చెన్నయ్య తడి లేని పెదాలు నాక్కున్నాడు. "నేను ఆడికి పోయిన దినం ఈల వేసినాడు. కడుపు నిండా తిన్నాడు. నేను బయల్దేరేనాటికి... గొంగడి కప్పుకోని ఒక్కడే కూచున్నాడు. ఎండకాలం గొంగడేంది అంటే పలకలేదు. సంకటి అట్లనే ఉన్నాది. నిద్ర చాల్లేదేమో అనుకున్నా." తర్వాత తలెత్తి, "ఇంత సంగతి దాచిపెట్టుకుంటే మాకెట్ల తెలుస్తాది తల్లీ?" అన్నాడు. అందులో కోపం లేదు.

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. పంచాయితీలో వాళ్ళు తప్పు మాట్లాడారు, నిజమే. కానీ వాళ్ళకు సగమే తెలుసు, మిగతా సగం తన కొంగులో ఉంది. "దోవ చెప్పు మామా" అంది. కట్టు అనీ గంగమ్మ అనీ ఎవరూ అనకముందే వాకిలి దాటింది.

దోర్నాల దాకా బస్సు దొరికింది. నాకా దాటాక కాలిబాట. గొర్రెలవాళ్ళ ఇంట పుట్టి గొర్రెలవాళ్ళ ఇంట మెట్టిన మనిషికి మంద జాడ పట్టడం ఎవరూ నేర్పక్కరలేదు. దారి పొడుగునా మేకలకని నరికిన కొమ్మలున్నాయి. నరుకు నల్లబడి ఉంటే పాతది, తెల్లగా ఉంటే నిన్నటిది. రాత్రి అడవి అంచున తెలిసినవాళ్ళ గుడిసెలో తలదాచుకుని, తెల్లారగానే మళ్ళీ నడిచింది. కాళ్ళు బొబ్బలెక్కాయి. ప్రతి వంపులోనూ ఎవరో ఎదురొచ్చి ఆ కబురు చెబుతారేమోనని భయపడింది. దారిలో తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. పలికేవాడు పలుకుతాడులే అనుకుంది. నడిపొద్దుకు పచ్చిగా, పాలు కారుతున్న నరుకు కనబడింది. ఇంకొంచెం ముందుకు పోతే మంద వాసన వచ్చింది.

వాగు పైన చెట్ల నీడలో జీవాలు పడుకుని నెమరేస్తున్నాయి. మిగిలినవాళ్ళు అవతల కునుకు తీస్తున్నారు. యల్లయ్య ఖాళీ కుండ భుజాన పెట్టుకుని వాగులోకి దిగబోతున్నాడు. వదినను చూసి నిలువునా ఉలిక్కిపడ్డాడు.

"వొదినా! నువ్వు ఈడికి రాగూడదు! జీవాలకేమన్నా అయితే..."

"అన్న యాడ?"

"ఆడనే ఉండాడు. బాగనే ఉండాడు. కొంచెం పలుకు తగ్గింది, అంతే."

"బిళ్ళలు యాడ?"

"ఒక్కటీ పారెయ్యలేదు, ఒట్టు. నాటి నుంచి అట్లనే ఉండాయి." చెయ్యి చూపించాడు.

చెట్టు కొమ్మకు, మనిషి చెయ్యి అందే ఎత్తులో, ఉప్పూ మిరపకాయలూ వేసుకునే సంచి వేలాడుతోంది. దాని కిందనే, అంత ఎండలో గొంగడి కప్పుకుని, అంకయ్య కూచుని ఉన్నాడు.

రాములమ్మ పోయి అతని ముందు కూచుంది. గడ్డం పెరిగింది. కళ్ళు లోపలికి పోయాయి. ఆమెను చూసి ఎందుకొచ్చావనలేదు. దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఒక్కటే మిగిలింది. దాన్ని యల్లయ్య ముందరే అడిగింది.

"బావి కాడ వచ్చిన ఆలోచన మళ్ళీ వచ్చిందా?"

"ఏం ఆలోచన?" అన్నాడు యల్లయ్య.

అంకయ్య ఎవరి సంగతో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు. "నాలుగైదు దినాలాయె. వీడు ఉప్పుకని సంచి దించినప్పుడల్లా లోపల సీసా గలగలమంటాది. నిన్నంతా దాన్నే చూస్తా కూచున్నా రాములూ." తమ్ముడి వంక చూశాడు. "ఈ పొద్దు వీడు నీళ్ళకు పోతే దించుదామనుకున్నా."

యల్లయ్య భుజం మీద కుండ ఇంకా అట్లాగే ఉంది. దాన్ని కింద పెట్టబోయాడు. కుండ జారి రాయి మీద పడి పగిలింది. జీవాలు బెదిరి లేచి నిలబడ్డాయి. "అన్నా" అన్నాడు. మళ్ళీ, "అన్నా" అన్నాడు. మేత ముట్టిన మనిషిని మాత్రమే చూశాడు గానీ, అన్నను చూడలేదు తను. నేల మీద కూలబడి అన్న మోకాలు పట్టుకున్నాడు.

రాములమ్మ సంచి దించింది. సీసా తీసి, ఒక బిళ్ళ అరచేతిలో వేసుకుని, మిగతాది రొండిన దోపుకుంది. "నేను కూడా దాచినా యల్లయ్యా. నీ ఒక్కడిదే గాదు తప్పు" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఇది వేసుకుంటే మళ్ళీ నోరెండుతాది. మళ్ళీ కండ్లు తిరుగుతాయి. ఆ బాధలు లేవని నేను చెప్పను. కర్నూలు పోయి, తగ్గించేదానికి ఏమన్నా ఉందేమో అడుగుదాం. కానీ అంతదాకా వేసుకోవాల. వేసుకుంటావా?"

అంకయ్య తలూపాడు.

నీళ్ళు కావాలి. కుండ పగిలింది. యల్లయ్య వదిన వైపు చూశాడు, వదిన యల్లయ్య వైపు చూసింది. వాగు ఎంతో దూరం లేదు, గట్టు దిగితే అదే. అయినా అంకయ్యను వదిలి పోవడానికి ఇద్దరికీ కాళ్ళు రాలేదు. చివరికి యల్లయ్య అన్నను ఒక చంక కింద చెయ్యి వేసి లేపాడు, రాములమ్మ రెండో వైపు పట్టుకుంది. ముగ్గురూ కలిసి మెల్లగా గట్టు దిగారు. వాగులో మోకాలి లోతు కూడా లేదు నీళ్ళు. అంకయ్య వంగి దోసిలి పట్టి, బిళ్ళ నోట్లో వేసుకుని, నీళ్ళు తాగాడు. ఎవరూ అడగకుండానే నోరు తెరిచి, నాలుకెత్తి, కింద ఏమీ దాచలేదని ముందు పెళ్ళానికీ తర్వాత తమ్ముడికీ చూపించాడు.